పెట్టెలో చెప్పులు

బస్రా రేవులో ఖర్జూరాల వ్యాపారం చేసే హిషామ్‌కి ఒకటే బాధ. తన బానిస రైహాన్‌ని విడుదల చేసి ఏడాది దాటింది. అయినా వాడి మొహంలో నవ్వన్నది లేదు.

ఒక మిట్టమధ్యాహ్నం వాణ్ణి వెంటబెట్టుకుని తన గురువు షేక్ నస్రుల్లా దగ్గరికి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపల చాప మీద కూర్చున్నాడు. రైహాన్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"దేవుడి పేరు మీద విడిచిపెట్టాను షేక్ గారూ. ఖాజీ ఎదుట, ఇద్దరు సాక్షుల్ని పెట్టి మరీ. కొంచెమైనా విశ్వాసం లేదు! పొద్దస్తమానం సముద్రం అవతల సీరాఫ్ రేవుకి వెళ్తానంటాడు."

"సీరాఫ్‌లో ఏముంది రైహాన్?"

"మా చెల్లెలు బాబా. చిన్నప్పుడు ఇద్దర్నీ ఒకే పడవలో తెచ్చారు. నన్నిక్కడ అమ్మారు. దాన్ని అక్కడ దింపారని మొన్నీమధ్యే ఒక పడవవాడు చెప్పాడు."

"మరి వెళ్ళలేదేం?"

"విడుదల కాగితం చూపించకపోతే రేవు దాటనివ్వరు. పారిపోయిన బానిసంటారు. పట్టుకుని మళ్ళీ అమ్మేస్తారు."

హిషామ్ నొచ్చుకున్నాడు. "కాగితం లేకనా? నా పెట్టెలో భద్రంగా ఉంది. వీడి చేతికిస్తే పారేసుకుంటాడు. కావాల్సినప్పుడు అడగమన్నాను. ఎక్కడికి, ఎందుకు, ఎన్నాళ్ళు, అంతేగా నేనడిగేది!"

"ఆరుసార్లు అడిగాను" అన్నాడు రైహాన్. "ఒకసారి కాయ కోసే కాలమన్నారు. ఒకసారి గాలి బాగాలేదన్నారు."

"గాలి నిజంగానే బాగాలేదు!"

గురువు లేచి బయటికి వెళ్ళాడు, తిరిగొచ్చి పక్కగదిలోకి వెళ్ళాడు. హిషామ్ అదేమీ పట్టించుకోలేదు. ఆ గాలి గురించే ఇంకా చెబుతున్నాడు.

సెలవు తీసుకుని గుమ్మం దాటితే చెప్పులు లేవు. ఎండకి రాళ్ళు పెనంలా కాలుతున్నాయి.

"షేక్ గారూ, నా చెప్పులు?"

"నా పెట్టెలో ఉన్నాయి నాయనా. తాళం కూడా వేశాను."

"అవి నావి కదండీ!"

"నీవే. ఎవరడిగినా నీవనే చెప్తాను. ఇంతకీ ఎక్కడికి?"

"ఇంటికి!"

"ఎందుకు?"

హిషామ్ ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుతూ రైహాన్ వైపు చూశాడు. రైహాన్ గబుక్కున తల అటు తిప్పుకున్నాడు. నవ్వుతో భుజాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

ఆ ఎండలో హిషామ్ ఒట్టికాళ్ళతోనే ఇల్లు చేరాడు.

మూడోనాడు మళ్ళీ వచ్చాడు, ఒక్కడే. ఇంట్లో ఇంకో జత ఉన్నా తొడుక్కోలేదు. అరికాళ్ళు బొబ్బలెక్కి కుంటుతున్నాడు.

"రైహాన్ ఏడీ?" అన్నాడు గురువు.

"ఆ సాయంత్రమే కాగితం చేతిలో పెట్టాను. తెల్లారి చూస్తే మనిషి లేడు."

"సీరాఫ్‌కేనా?"

"అయ్యుండొచ్చు షేక్ గారూ. నేనడగలేదు."

గురువు లోపలికి వెళ్ళాడు. తాళం తీసిన చప్పుడైంది. చెప్పులు తెచ్చి, వంగి, శిష్యుడి కాళ్ళ ముందు పెట్టాడు.