ఎర్రలైటు వెలగని మూడు రోజులు

ఇనుము పోతపోసే ఆ ఫౌండ్రీలో అందరూ సంతోషంగా ఉన్నారు, హైమ తప్ప.

ఆమె అక్కడ ఇంజనీరు. బస్సుల బ్రేక్ డ్రమ్ములు పరీక్షించడానికి పదిరోజుల కిందట ఏఐ కెమెరా పెట్టించింది ఆమే. బెల్టు మీద వెళ్లే డ్రమ్ములో పగులు కనబడితే ఎర్రలైటు వెలగాలి, లేకుంటే పచ్చలైటు. మొదటి వారం రోజుకు ముప్పైసార్లు వెలిగింది. ఈ మూడు రోజులుగా ఒక్కసారీ వెలగలేదు.

పగుళ్లే రావడం లేదని ఓనరు మిఠాయిలు పంచాడు. హైమ తన వంతు పక్కన పెట్టేసింది. పొద్దుటినుంచీ బెల్టు చుట్టూ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. కెమెరా చూసిన మొదటి లోడు సాయంత్రమే బయల్దేరుతుంది. అందులో ఒక్క పగులు డ్రమ్ము ఉన్నా, ఏ ఘాట్ రోడ్డు మీదో ఒక బస్సుకు బ్రేకు పడదు.

చివరికి గౌస్ మేస్త్రి దగ్గరికి వెళ్లింది. ముప్పయ్యేళ్లు ప్రతి డ్రమ్మునూ చిన్న సుత్తితో కొట్టి, మోత విని పగులు పట్టిన మనిషి. ఆమెకు ఇనుము సంగతులు నేర్పింది ఆయనే. కెమెరా వచ్చాక ఆయన్ని స్టోర్సులో కూర్చోబెట్టారు, బోల్టులు ఏరుకోమని.

"మేస్త్రిగారూ, అది నిజంగా చూస్తోందా లేదా? నాకు పిచ్చెక్కుతోంది."

మేస్త్రి లేచాడు. ఒక మంచి డ్రమ్ము నేలమీద పెట్టి సమ్మెటతో ఒక్కటిచ్చాడు. అంచు నుంచి నడుమ దాకా పగిలింది. దాన్ని ఎత్తి బెల్టు మీద పెట్టాడు.

పచ్చలైటు వెలిగింది.

హైమ కెమెరా అద్దం తుడిచింది. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టింది. డ్రమ్మును అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. పచ్చలైటే.

"దిక్కుమాలిన మిషను," అంది బల్లమీద చరిచి. కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో.

"మొదటి వారం ఎర్రలైటు వెలిగితే నువ్వేం చేసేదానివమ్మా?"

"వెళ్లి చూడాలి. పగులు కాకపోతే 'మంచిదే' అని మీట నొక్కాలి. అలా నొక్కితేనే అది నేర్చుకుంటుంది. మొదట్లో వచ్చినవన్నీ పగుళ్లు కావు, పోతలో పడే ఉత్త అచ్చుగీతలే మేస్త్రిగారూ."

"ఆ తర్వాతవి?"

హైమ ఆ మీట వైపు చూసింది. ఆ తర్వాతవి ఆమె చూడలేదు. ఎర్రలైటు వెలిగినప్పుడల్లా ఫోను మాట్లాడుతూనే 'మంచిదే' మీట నొక్కేసింది.

"పగుళ్లనూ మంచివేనన్నావు. అది నీ మాట జవదాటలేదు పాపం," అన్నాడు మేస్త్రి. "దాన్నెందుకు తిడతావు?"

బయట లోడెక్కిన లారీ హారన్ కొట్టింది. హైమ పరుగెత్తింది. తాళ్లు బిగిస్తున్న హమాలీల మధ్యకు దూరి ముడులు తనే విప్పసాగింది.

"ఏవి దించాలమ్మా?" అన్నాడొకతను.

"నేను చూడనివన్నీ."