కిటికీ దగ్గర ఇరవై నిమిషాలు

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు పరీక్షలకు వచ్చే మంగళవారాల్లో డాక్టర్ సుభాషిణిగారికి ఆరేళ్లుగా ఒక అలవాటుండేది. కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర ఇరవై నిమిషాలు నిలబడేవారు. కింద గేటు నుంచి మెట్లదాకా నడిచివచ్చే మనుషుల్ని చూసేవారు. అంతే. ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న కుర్ర డాక్టరు తారకేశ్‌కి ఇది మింగుడుపడేది కాదు. అతను లెక్కల్లో చురుకైనవాడు, ఎవరూ చెప్పకుండానే పని నెత్తినేసుకునే రకం. మంగళవారం రాబోయే నలభైమంది రక్తపరీక్షల ఫలితాలు సోమవారమే తెప్పించుకుని, ఎవరి కిడ్నీ ఎలా పనిచేస్తోందో చూసి, ఫైళ్ల మీద ముందే రాసిపెట్టేసేవాడు.

ఒక మంగళవారం ఉండబట్టలేక అడిగేశాడు. "మేడమ్, వారానికి ఇరవై నిమిషాలంటే ఏడాదికి పదిహేడు గంటలు. ఆ టైములో రెండొందలమందిని చూడొచ్చు. ఈ కిటికీలోంచి మీకు కనబడేదేమిటి?"

ఆవిడ గ్లాసు అతని చేతికిచ్చి, "ఇవాళ్టి ఫైళ్లు నేను చూస్తాను. నువ్వు నిలబడు" అని కుర్చీలో కూర్చున్నారు.

తారకేశ్ నిలబడ్డాడు. కాసేపటికి గేటు దగ్గర ఆటో ఆగింది. మిఠాయి పెట్టె పట్టుకుని టైలర్ వీరభద్రం, వెనకాలే అతని అక్క నూకరత్నం దిగారు. తొమ్మిదేళ్ల క్రితం తమ్ముడికి కిడ్నీ ఇచ్చింది ఆవిడే. ఏటా ఆ తేదీకి ఇద్దరూ కాజాలు తెచ్చి, కిడ్నీ పుట్టినరోజంటూ ఆస్పత్రిలో అందరికీ పంచుతారు. వీరభద్రం ఫైలు మీద "చాలా బాగుంది, మూడు నెలల తర్వాత రావాలి" అని తారకేశ్ నిన్ననే రాసేశాడు.

వీరభద్రం నలభై అడుగులు వేసి ఆగాడు. వంగి చెప్పు సర్దుకున్నాడు. మరో ముప్పై వేసి ఆగి, అక్కడున్న స్కూటర్లను పరీక్షగా చూశాడు. ఆ తర్వాత ఇరవైకే ఆగి మళ్లీ చెప్పు మీద పడ్డాడు. నలభై, ముప్పై, ఇరవై. తారకేశ్ గ్లాసు కిటికీలో పెట్టేసి మెట్ల మీద పరుగెత్తాడు.

"వీరభద్రంగారూ, ఎందుకండీ అలా ఆగుతున్నారు?"

"ఏం లేదు బాబూ, చెప్పు బకిలు ఊడిపోతోంది."

నూకరత్నం తమ్ముడి కాళ్లకేసి చూసింది. "హవాయి చెప్పులకి బకిలెక్కడిదిరా?"

వీరభద్రం నవ్వబోయి మానేశాడు. నడిస్తే రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టుంటుందనీ, ఆగితే తగ్గిపోతుందనీ, రెండు నెలలుగా ఇంతేననీ గొణిగాడు.

"మరి చెప్పలేదేం?"

"మీరు కిడ్నీ డాక్టర్లు కదండీ. పైగా ఒంట్లో బాగాలేదంటే, అక్క ఇచ్చింది పాడైందంటారేమోనని... ఆవిడ తట్టుకోలేదండీ."

"వెధవా!" అంది నూకరత్నం. మరుక్షణమే, "ఆ పెట్టె ఇలా ఇయ్యి. బరువు మొయ్యకు" అని లాక్కుంది.

మధ్యాహ్నానికి సంగతి తేలింది. గుండె రక్తనాళాలు మూడూ పూడుకుపోయాయి. ఒకదానిలో మాత్రం వెంట్రుకంత సందు మిగిలింది. వెంటనే ఆపరేషన్ చేస్తే బతుకుతాడని చెప్పిన గుండె డాక్టరు, "ఇంకో వారం ఆగి ఉంటే" అని ఆ మాట అక్కడే వదిలేశాడు. మూడు నెలల తర్వాత రావాలని రాసిన ఫైలు తారకేశ్ చేతిలోనే ఉంది.

నూకరత్నం అతని చెయ్యి పట్టుకుంది. "నా కిడ్నీ బాగుందని మీరే రాస్తారు కదా బాబూ. అది బాగుంటే వాడు బాగున్నట్టే కాదా?"

ఏళ్ల తరబడి చేసిన డయాలసిస్, బీపీ, ఆఖరికి కొత్త కిడ్నీని కాపాడే మందులు కూడా గుండెను దెబ్బతీస్తాయని తారకేశ్ పరీక్షలో నాలుగు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాడే. కానీ నిన్న ఫైలు మీద రాసేటప్పుడు, అతనూ నూకరత్నం అనుకున్నట్టే అనుకున్నాడు.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఊరికే కూర్చోలేక పాత ఫైళ్ల గదిలోకి వెళ్లాడు. పద్నాలుగేళ్లలో మార్పిడి తర్వాత చనిపోయినవాళ్లు ముప్పై ఒక్కమంది. వారిలో పద్దెనిమిదిమందికి ఆఖరి రోజుదాకా కిడ్నీ పనిచేస్తూనే ఉంది. ఆ పద్దెనిమిదిమందిలో పదిమందిని గుండె తీసుకుపోయింది. లెక్క తప్పిందేమోనని మళ్లీ చూశాడు. పదే. ఆ పదీ ఆరేళ్లకు ముందటి ఫైళ్లు. ప్రతి ఫైలు చివరి పేజీలోనూ ఒకటే మాట, "చాలా బాగుంది". ఆ చేతిరాత ఎవరిదో గుర్తుపట్టి, ఆ పదింటినీ విడిగా తీశాడు.

వీరభద్రం గండం గడిచిందని కబురొచ్చాక, ఆ పది ఫైళ్లూ తెచ్చి సుభాషిణిగారి బల్ల మీద పెట్టాడు.

"మేడమ్, వీళ్లు గేటు నుంచి ఎలా నడిచి వచ్చేవారు?"

ఆవిడ పై ఫైలు తెరిచి తన అక్షరాలను చూశారు.

"తెలీదు. అప్పట్లో నాకు ఇరవై నిమిషాలు ఖాళీ ఉండేది కాదు."