రాణిగారి చేపల తొట్టి

చెరువులకు కొదవలేని ఒకానొక రాజ్యాన్ని వీరకేసరి అనే రాజు ఏలేవాడు. తనకు తెలియని సంగతి లోకంలో ఉండదని ఆయన నమ్మకం.

ఆయన రాణి ప్రాణంగా పెంచుకున్న ఎర్రచేపలు గాజుతొట్టిలో ఉండేవి. ఆవిడ కాలం చేశాక, తొట్టిని అద్దంలా ఉంచాలని రాజు పట్టుబట్టాడు. రోజూ నీళ్లన్నీ పారబోయించి, రాళ్లమీది పాచినంతా పీచుతో తోమించేవాడు. చేపలు ఒక్కటొక్కటే చచ్చి తేలాయి. చివరికి రెండే మిగిలాయి.

తప్పంతా తొట్టి కనిపెట్టుకుని ఉండే నూకాలుదేనన్నాడు రాజు. ఆ రెండూ పోతే ఆమెను ఊరు దాటించమన్నాడు. విదూషకుడు కొండుభట్టుకు మనసు చివుక్కుమంది. ఆ తొట్టి పక్కనే కూచుని రాణిగారి కబుర్లు ఎన్ని విన్నాడో! రాజు ఎదురు మాట వినే మనిషి కాడు. అందుకని చేతులు కట్టుకుని, "తమరు తొట్టిని చూసుకున్నట్టే కోటను ఒక్కరోజు నన్ను చూసుకోనివ్వండి ప్రభూ" అన్నాడు. రాజు మురిసిపోయి సరేనన్నాడు.

తెల్లారగానే కొండుభట్టు ఊడ్చేవాళ్లను, అంట్లు తోమేవాళ్లను, పేడ ఎత్తేవాళ్లను ఇళ్లకు పంపేశాడు. మధ్యాహ్నానికి వంటశాల ఈగలపాలైంది. పొద్దువాలేసరికి ఏనుగులశాల వాసన రాజుగారి పడకగదిదాకా వచ్చింది.

"పనివాళ్లేరయ్యా భట్టూ?" అని రాజు ఉరిమాడు.

"మాసిన బట్టలతో కంటికి ఇంపుగా లేరు ప్రభూ. తమరు పాచిని తోమించినట్టే వాళ్లనూ తోమేశాను."

అప్పుడు కొండుభట్టు నెమ్మదిగా విడమరిచాడు. చేపలు విడిచిన మురికి నీళ్లలో విషమవుతుంది. పాచిలో కంటికి ఆనని జీవులున్నాయి. ఒక తెగ ఆ విషాన్ని తింటుంది, కానీ అది విడిచేదీ విషమే. దాన్ని ఇంకో తెగ తిని ఎరువు చేస్తుంది. ఆ ఎరువు నీటిమొక్కలకు ఆహారం. పాచి గీకేస్తే తొట్టిలో ఊడ్చేవాళ్లే ఉండరు.

రాజు ముందు తెల్లబోయి, తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. చేతి కంకణం తీసి కొండుభట్టుకు తొడిగాడు. నూకాలును ఉండమన్నాడు. కొలనులోంచి పాచిపట్టిన రాళ్లు తెప్పించి తొట్టిలో వేయించాడు.

"ఇంత సంగతి నీకెవరు చెప్పారయ్యా?"

కొండుభట్టు తల దించుకున్నాడు. "రాణిగారే ప్రభూ. ముందు తమకే చెప్పారట."

రాజు నవ్వు ఆగిపోయింది. మిగిలిన రెండు చేపలవైపు చూస్తూ నేలమీదే కూలబడ్డాడు.

"చెప్పింది భట్టూ," అన్నాడు మెల్లగా. "పాచిని చూసి బద్ధకస్తురాలివని వెక్కిరించాను. అప్పుడూ తను నవ్వి ఊరుకుంది."