రెండు యంత్రాలకు ఒకే పొట్టి పేరు

చింతలకోన అడవిలో జింకలు, కుందేళ్ళు, కోతులు, ఓ ముసలి ఏనుగు ఉండేవి. రాతిగుహలో ఒక కంప్యూటర్ కూడా ఉండేది. అందులో భాషా యంత్రాలు నాలుగైదు ఉండేవి. యంత్రం పేరు, దాని పక్కన ప్రశ్న టైపు చేస్తే చాలు, జవాబు వచ్చేది.

ఆ పని ముళ్ళపంది సూరమ్మది. కానీ ఆ పేర్లు చాంతాడంత! వైద్యం చెప్పే యంత్రం పేరు 'వైద్యభాషిణి-పెద్దది-కొత్తది-ఏడు'. ఒక్క అక్షరం తప్పితే "అలాంటిది లేదు" అనేది కంప్యూటర్. సూరమ్మకు ప్రాణం విసిగిపోయేది.

చెంగడనే కోతి ఆ వైద్య యంత్రానికి 'వై' అని పొట్టి పేరు పెట్టింది. అందరూ మెచ్చుకున్నారు. చెంగడికి గర్వం తలకెక్కింది. రోజూ ఏదో ఒక పేరు మార్చేది.

"మార్చేముందు ఒక మాట చెప్పి చావరా!" అనేది సూరమ్మ.

"నాకు గుర్తుంటుందిలే అత్తా!" అనేది చెంగడు.

ఒకనాడు చెంగడు విషపు గురివింద గింజలు నమిలి, కడుపు పట్టుకుని గుహ ముందు పడిపోయింది. సూరమ్మ గబగబా 'వై' కొట్టి, గురివింద గింజలు తింటే ఏం చేయాలని అడిగింది.

"గురివింద గింజ ఎరుపు, గుబురు పొదలో మెరుపు!" అని జవాబు వచ్చింది.

"ఒరేయ్, ఇదేం వైద్యంరా?"

"నిన్న... 'వైభవకవి' అని కొత్త యంత్రం వచ్చిందత్తా. 'వై' దానికిచ్చేశా" అని మూలిగింది చెంగడు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! మరి పాతదాని పూర్తి పేరేంటి?"

చెంగడికి గుర్తు రాలేదు.

సూరమ్మ పళ్ళు కొరుకుతూ తనకు గుర్తున్నంతలో ఆ పేరు టైపు చేసింది. "అలాంటిది లేదు." మళ్ళీ చేసింది. "అలాంటిది లేదు." చెంగడి కళ్ళు తేలిపోతున్నాయి. సూరమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుని కొట్టింది. ఈసారి జవాబు వచ్చింది: "ఆలస్యం చేయకండి. వెంటనే వైద్యుడి దగ్గరకు మోసుకెళ్ళండి."

జింకలు చెంగడిని అడవి వైద్యుడైన ముసలి ఏనుగు దగ్గరకు మోసుకెళ్ళాయి. ప్రాణం దక్కింది. కానీ చాలా కాలం కొమ్మ ఎక్కలేక నేల మీదే పాకింది.

పేర్ల పెత్తనం సూరమ్మకు అప్పగించారు. ఒక యంత్రం పేరు ఇంకోదానికి ఇవ్వబోతే "ఇది ఇదివరకే ఉంది" అని కంప్యూటరే అడ్డుపడేలా చేసిందామె. ఆ తర్వాత కుందేళ్ళు కూడా ఆ పొట్టి పేర్లను తప్పు లేకుండా వాడుకున్నాయి.

నీతి: పేరు పొట్టిదైనా దాన్ని నమ్ముకున్నవాళ్ళు ఎందరో ఉంటారు, వాళ్ళకు చెప్పకుండా మార్చేవాడు ముందు తన మెడకే ఉరి బిగించుకుంటాడు.