తారు పూసిన మొద్దు

యుద్ధం రోజుల్లో, విమానాలను కూల్చే ఫిరంగి పెట్టాలని సైన్యం ఒక రైతు మెట్ట చేనులో దిగింది. గుంట తవ్వారు, చుట్టూ ఇసుక బస్తాలు పేర్చారు. ఫిరంగి మాత్రం రాలేదు. సైనికులు ఒక తాటిచెట్టు నరికి, మొద్దుకు తారు పూసి, ఆకాశం వైపు ఎత్తి నిలబెట్టారు. పైనుంచి చూసేవాడికి అది చాలు.

యుద్ధం కాగానే చేను తిరిగి ఇస్తామన్నారు. మాట ఇచ్చిన దొర ఆ ఊరి పేరైనా కనుక్కోలేదు. సైన్యం పోయింది, మొద్దు మిగిలింది. చాలా ఏళ్లకు ఒక అధికారి వచ్చి, అది నిజం ఫిరంగే అనుకుని ముళ్లతీగ కట్టించాడు. రక్షిత స్థలమని బోర్డు పెట్టి, గేటు దగ్గర ఒక కావలివాణ్ణి ఉంచాడు.

ఆ రైతు కూతురు ముసలిదయ్యింది. తొలకరి పడ్డ మర్నాడు వేరుశనగ విత్తనాలు ఒడిలో పోసుకుని వచ్చింది.

"గేటు తియ్యి నాయనా. పదును రెండ్రోజులే ఉంటుంది."

"రక్షిత స్థలం మామ్మా. బోర్డు చదవడం రాదా?"

"వచ్చు. ఎవరి నుంచి రక్షణో రాయలేదే?"

"నీలాంటోళ్ల నుంచి."

"మమ్మల్ని కాపాడ్డానికని కదరా మా చేను లాక్కున్నారు!"

ఆమె తీగ కింద దూరి, కొడవలితో తారు గీకింది. తాటి పీచు బయటపడింది. కావలివాడు పరుగెత్తి అధికారిని పిలుచుకొచ్చాడు. అధికారి మొద్దును వేలితో తట్టాడు. చెదలు రాలాయి.

"ఇంకెవరికి తెలుసు?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఊళ్లో ఆనాటి వాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను."

"ఈ వానలకి ఇది పడిపోతుంది. నా ఉద్యోగం కూడా పోతుంది."

"మా గట్టున ఇంకో తాటిచెట్టుంది. కొట్టుకో. నన్ను విత్తుకోనియ్యి."

"విత్తుకో. నోరు మాత్రం మెదపకు."

పదును ఆరకముందే ఆమె విత్తింది. మొలక బాగా వచ్చింది. గట్టు మీది తాటిచెట్టు తారు పూసుకుని పాత మొద్దు చోట నిలబడింది.

ఫిరంగిని చూడటానికి జనం రాసాగారు. ఏడు విమానాలను కూల్చిందని కావలివాడు చెబుతుంటే, ఒకావిడకు నమ్మకం కుదరలేదు. కలుపు తీస్తున్న ముసలామె దగ్గరకొచ్చింది.

"నిజంగా కూల్చిందా మామ్మగారూ?"

ముసలామె చుట్టూ ఉన్న మొక్కల్ని చూసుకుంది.

"కూల్చిందమ్మా. నా కళ్లతో చూశాను."

వాళ్లు వెళ్లాక నడుమెత్తి, తన అబద్ధం పైనుంచి దేవుడు చూశాడేమోనని ఆకాశం వంక చూసింది. యుద్ధం రోజుల్లో కూడా ఆమె అంత భయంగా పైకి చూడలేదు.