లింబాద్రి గోడ మీది భూర్జవనం

ఎవరైనా ప్రశ్న అడిగితే తరణానందస్వామివారు వెంటనే జవాబు చెప్పేవారు కారు. చేతిలో ఉన్న పని ముందు పూర్తి చేసేవారు. పూలు కడుతుంటే దండ ముగిసేదాకా, చిక్కుడుకాయలు ఒలుస్తుంటే చేట ఖాళీ అయ్యేదాకా అడిగినవారు కూర్చోవలసిందే. చాలామంది ఆలోపు తమ ప్రశ్నను తామే మార్చుకునేవారు, లేదా అడగటమే మానుకుని లేచిపోయేవారు.

సుభద్ర మార్చుకోలేదు. బడిపంతులైన భర్త పోయాక ఆమె గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమానికి వచ్చి చేరింది. వంటశాల చూసుకునేది, పారాయణంలో కూర్చునేది, తన దుఃఖం ఎవరితోనూ చెప్పుకునేది కాదు. కాని సాయంత్రంపూట బయట సైకిల్ గంట వినబడితే మాత్రం లేచి గుమ్మందాకా వెళ్లి వచ్చేది. ఆ సంగతి అందరూ చూశారు గాని ఎవరూ ఎత్తలేదు. చివరికి ఒకనాడు ఆమే స్వామివారి ఎదుట కూర్చుని అడిగింది.

"స్వామీ, ఆయన లేరని నా బుద్ధికి తెలుసు. ఎదురుచూపు మాత్రం పోవటం లేదు. దీన్ని తెంచుకునే దారి చెప్పండి."

స్వామివారు దీపాలకు వత్తులు చేస్తున్నారు. దూది అయిపోయాక చేతులు దులుపుకుని, నిర్మల్‌లో బొమ్మలకు రంగులు వేసే లింబాద్రి గురించి, అతని భార్య చైతా గురించి చెప్పారు.

చైతా పుట్టింది హిమాలయాల్లో, గంగ పుట్టే చోటికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో. దేవదారు చెట్లు కూడా ఆగిపోయిన ఎత్తులో ఆ పల్లెను ఆనుకుని భూర్జవృక్షాల అడవి ఉండేది. మనవాళ్లు యంత్రాలు రాసి తాయెత్తుల్లో పెట్టుకునే భూర్జపత్రం ఆ చెట్టు బెరడే. కాగితంలాగా పలచగా, తెల్లగా, పొరలుపొరలుగా ఊడి వస్తుంది. ఆ పల్లెవాళ్లు వెన్న ఆ బెరడులోనే చుట్టేవారు, ఉప్పు అందులోనే కట్టేవారు, పెళ్లికి గుమ్మం పైన ఆ బెరడు పూలే కత్తిరించి కట్టేవారు. తల్లి చనిపోయి, తండ్రి గొర్రెల వెంట దేశాలు పట్టిపోవటంతో, చిన్నపిల్లగా ఉన్న చైతాను కింద లోయలోని ఒక ఆశ్రమంలో వంట చేసే ఆవిడ తెచ్చి పెంచుకుంది. స్వామివారు అప్పట్లో ఆ ఆశ్రమంలోనే ఉండేవారు. మందిరంలో కొయ్యపలకల మీద బొమ్మలు వేయటానికి నిర్మల్ నుంచి వచ్చిన లింబాద్రి ఆమెను ఇష్టపడ్డాడు. ఆమె కూడా ఇష్టపడింది. పెళ్లి స్వామివారే జరిపించి ఇద్దరినీ దక్షిణాదికి సాగనంపారు.

నిర్మల్ ఎండలకు చైతా అలవాటుపడింది. తెలుగు నేర్చుకుంది. కుంచెలు కడిగేది, చింతగింజలు ఉడికించి జిగురు తీసేది. వాళ్లకు పిల్లలు కలగలేదు. ఉన్నదానితో ఇద్దరూ సంతోషంగానే ఉన్నారు. అయితే మాట ఎక్కడ మొదలైనా ఆమె దగ్గర భూర్జచెట్ల దగ్గరికి వచ్చి ఆగేది. అవి స్తంభాల్లాగా నిటారుగా ఉంటాయనీ, పైకి చూస్తే మెడ నొప్పి పుడుతుందనీ, మంచు పడ్డనాడు చెట్టేదో నేలేదో తెలియదనీ చెప్పేది. చెప్పి, కాసేపు ఊరుకుని, మళ్లీ పనిలో పడేది.

ఆ ఊరుకోవటం లింబాద్రికి కష్టంగా ఉండేది. తన చేతిలో ఉన్న విద్యతో ఆమె అడవిని ఆమెకే తెచ్చి ఇవ్వాలనుకున్నాడు. ఇంటి వెనక గదిలో ఒక గోడ మొత్తానికి ఎర్రటి జాజు పూసి, దాని మీద సుద్దలో చింతగింజల జిగురు కలిపి పూత మీద పూత వేసి, ఆమె చెప్పినట్టే తెల్లటి మానులు బారులుగా నిలబెట్టాడు. ఊరు ఊరంతా వచ్చి చూసింది. హైదరాబాదు నుంచి ఒక హోటలాయన వచ్చి తన హాలుకు అటువంటి చెట్లు గీసిన కొయ్య మడత తెరలు కావాలన్నాడు. ఆ తరవాత పళ్లేల మీద, తలుపుల మీద, పెద్దిళ్ల గోడల మీద అందరికీ భూర్జచెట్లే కావలసివచ్చాయి. చైతా మాత్రం చూసి, బాగుందని చెప్పి, వంటింట్లోకి వెళ్లింది. ఏళ్లు గడిచినా ఆమె ఆ గోడను ఒక్కసారి కూడా చేత్తో తాకలేదు. ఎందరు మెచ్చుకున్నా లింబాద్రి మనసులో అది ముల్లులా ఉండిపోయింది.

ఒక ఎండాకాలం అతను ఆమెను వెంటబెట్టుకుని ఆ కొండలకు ప్రయాణం కట్టాడు. పల్లెలో ఆమె పినతల్లి ఒకావిడ ఇంకా ఉంది. చైతాలో తన అక్క ముఖం చూసుకుని ఆవిడ చాలాసేపు ఏడ్చింది. మర్నాడు ముగ్గురూ అడవికి ఎక్కారు. అక్కడి చెట్లు నిటారుగా లేవు. ఏటా మంచు మోసి మోసి మానులు వంగిపోయి, కొన్ని నేలను పాకి, ఆ తరవాత పైకి లేచి ఉన్నాయి. చాలా చెట్లు మనిషికి రెండింతల ఎత్తు కూడా లేవు. చైతా ఒక్కొక్క చెట్టు దగ్గరికీ వెళ్లి, ఇది కాదన్నట్టు ముందుకు నడిచింది. అవెప్పుడూ అట్లాగే ఉన్నాయనీ, అప్పుడు నువ్వు చిన్నదానివనీ పినతల్లి నెమ్మదిగా చెప్పింది.

లింబాద్రికి లోపల ఎక్కడో తేలికైంది. ఇవేనా, వీటికంటే నా గోడ మీదివే నయమని అనేశాడు. అన్న మరుక్షణమే అనకూడనిదని తెలిసింది. చైతా కోప్పడలేదు. వంగిన ఒక మానుకు చెంప ఆనించి, అతని వైపు వీపు పెట్టి నిలుచుంది.

పినతల్లి ఆమెను కొన్నాళ్లు ఉండమంది. హోటలాయన మళ్లీ కొత్త తెరలు అడిగాడనీ, ఆ పని నెత్తిన ఉందనీ లింబాద్రి అన్నాడు. మాటకు మాట పెరిగింది. చివరికి అతను, "ఇదే నీ ఇల్లనిపిస్తే ఈడనే ఉండు. నేను అడ్డం రాను," అన్నాడు. ఆమె కాదంటుందనే ఆశతోనే అన్నాడు.

"ఉంటా," అంది చైతా.

అతను ఒక్కడే దిగివచ్చాడు. హోటలాయన తెరలు మొదలుపెట్టి, ఒక మాను గీసి, కుంచె పక్కన పెట్టేశాడు. ఇక ఆ చెట్లు గీయనని కబురు పంపాడు. కుంచెలు కడిగేవాళ్లు లేక రంగు ఎండి బిరుసెక్కాయి. పగలంతా బొమ్మలకు రంగులు వేసి, పొద్దు వాలే వేళకు వెనక గదిలో ఆ గోడకు ఎదురుగా కూర్చునేవాడు. ఇన్నాళ్లూ ఆ చెట్ల మాట చెప్పి ఆమె ఎందుకు ఊరుకునేదో, తనకూ ఆమె మీద బెంగ పుట్టాక కొద్దికొద్దిగా తెలిసింది. వానలు మొదలయ్యాయి. కప్పు మీద పెంకులు జరిగి నీళ్లు గోడ వెంట దిగాయి. ఎక్కి సర్దటం అతనికి చేతకాని పని కాదు, అయినా ఎక్కలేదు. పూతలు ఉబ్బాయి, పగిలాయి, అంచులు చుట్టుకుని వేలాడాయి.

పై కొండల్లో మంచు మొదలయ్యే ముందు, చెప్పకుండానే, చైతా వచ్చింది. వీపున ఒక మూట ఉంది. లింబాద్రి గుమ్మంలో నిలబడిపోయాడు. నోటికి వచ్చింది ఒక్కటే. గోడ పాడైందనీ, ఎండలు రాగానే గీకేసి మళ్లీ కొత్తగా గీస్తాననీ చెప్పాడు.

ఆమె మూట దింపకుండానే వెనక గదిలోకి నడిచింది. తెల్లటి పూత పొరలుపొరలుగా విడిపోయి, అంచు తిరిగిన చోటల్లా లోపలి జాజు ఎర్రగా కనబడుతోంది. చైతా చెయ్యి చాపి గోడను తాకింది. ఊడిన ఒక పొరను మెల్లగా లాగి, అరచేతిలో పెట్టుకుని, వాసన చూసింది. తడిసిన సుద్ద వాసన తప్ప మరేమీ ఉండి ఉండదు. అయినా ఆమె దాన్ని పారేయలేదు.

"మళ్ల గీయకు," అంది. "గిట్లనే ఉంటయ్ మా చెట్లు."

వీపు మీది మూట దింపుతూ, "అక్కడ ఉన్నన్ని దినాలు ఈ గోడ యాదికొచ్చింది. గోడ ముంగట కూసుని గీసిన నువ్వు యాదికొచ్చినవ్," అంది.

తరవాత మూట విప్పింది. నిండా భూర్జబెరడు. పినతల్లి తన ఇంటి అటక మీద దాచుకున్నది, ఇక తనకెందుకని ఇచ్చి పంపింది. పొడవాటి పొరలు, మెత్తగా, ఎక్కడా చీలకుండా ఉన్నాయి. వాటి మీద బొమ్మలు వేసి గోడకు తగిలిస్తే ఎంత బాగుంటుందో లింబాద్రికి ఒక్క చూపులో తట్టింది. ఆమె మాత్రం తలెత్తి కప్పు చూస్తోంది. నిచ్చెన తెమ్మంది. తమ వైపు ఇళ్లకు మట్టికప్పు కింద ఈ బెరడు పరుస్తారనీ, ఎన్ని వానలు పడ్డా, ఎంత మంచు కరిగినా చుక్క దిగదనీ చెప్పింది. ఇద్దరూ కలిసి పెంకులు తీసి, బెరడు పరిచి, మళ్లీ పెంకులు సర్దారు. పొరలు ఒక్కొక్కటే పైకి అందిస్తూ, ఒక్క ముక్కయినా దాచుకోవా అని అతను అడిగాడు.

"దాసుకునేతందుకు తెచ్చిననుకున్నవా? ఇల్లు కురుస్తున్నది," అంది చైతా, చెయ్యి చాపి తరవాతి పొర అందుకుంటూ.

స్వామివారు అంతటితో ఆగారు. వత్తుల పళ్లెం పక్కకు జరిపారు. సుభద్ర, ఆ తరవాతనైనా చైతాకు ఆ బెంగ తీరిందా అని అడిగింది.

"తీరలేదమ్మా," అన్నారు స్వామివారు. "నిరుడు నేను వాళ్లింటికి వెళ్లాను. వడ్డించబోతుండగా వాన మొదలైంది. చైతా గరిటె అక్కడే పెట్టేసి వెనక గదిలోకి వెళ్లి, ఆ బెరడు కప్పు కింద గోడకు ఎదురుగా కూర్చుంది. వాన తగ్గేదాకా లింబాద్రీ, నేనూ అన్నానికి ఆగాం."