గొడుగు పేరయ్య ఖాళీ విస్తరి

అనగనగనగా, చాలా దూరాన గంటెలపాడని ఒక ఊరు. ఊఁ కొట్టాలి మరి. ఊఁ కొట్టకపోతే నా కథ అక్కడే కూలబడుతుంది.

ఆ ఊళ్ళో ఏరువాక పున్నమి నాడు ఎవరింట్లోనూ పొయ్యి వెలిగించరు. ఊరంతా ఒకే పంక్తిలో కూర్చుని తింటారు. ఆ పంక్తికి ఒక కట్టుబాటుంది. ఎవరు దేనికి వంక పెట్టినా, వాళ్ళే లేచి దాన్ని సరిచేయాలి. సరిచేసేదాకా వాళ్ళ విస్తట్లో మెతుకు పడదు. ఉప్పు చాల్లేదన్నావా, లేచి ఉప్పు పట్రా. మంచినీళ్ళు రాలేదన్నావా, చెంబు పట్టుకుని నువ్వే తిరుగు. కూర్చున్నచోటే కూర్చుని మూతి విరుస్తానంటే కుదరదు. ఈ కట్టుబాటు మనింట్లో కూడా పెట్టాలి, మీ తాతయ్య తిక్క కుదురుతుంది.

ఆ పంక్తికి వంట చేసేది చిలకమ్మ. ఆవిడకి పళ్ళన్నీ ఊడిపోయాయి, నడుం వంగిపోయింది. "ఇక నా వల్ల కాదర్రా, ఇంకో మనిషిని చూసుకోండి" అంది. వంటమనిషికి ఊరు ఒక ఇల్లిస్తుంది. చిన్న పెంకుటిల్లు, పెరట్లో కరివేపాకు చెట్టు.

అప్పుడు పైడమ్మ వచ్చింది. సముద్రం ఒడ్డు నుంచి, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. తుఫానుకి వాళ్ళ ఇల్లు కొట్టుకుపోయింది. తల్లికి చూపు సరిగ్గా ఆనదు. ఇద్దరూ సత్రం అరుగు మీద పడుకునేవాళ్ళు. వాన జల్లు కొడితే పైడమ్మ తల్లికి అడ్డంగా కూర్చునేది, పాపం.

పైడమ్మ నల్లగా, నేరేడుపండులా నిగనిగలాడుతూ ఉండేది.

"ఏరువాక వంట నువ్వు చెయ్యవే అమ్మాయ్" అంది చిలకమ్మ. "పంక్తిలో ఒక్కరు కూడా ఆకలితో లేవకూడదు. అందరూ కడుపు నిండా తిన్నారా, ఆ ఇల్లు నీదీ, మీ అమ్మదీ."

పైడమ్మ తెల్లారకముందే పొయ్యి ముట్టించింది. చింతచిగురు పప్పు వండింది. గుమ్మడికాయ పులుసు కాచింది. బూరెలకి పూర్ణం ఉండలు చుట్టింది. ఆ తర్వాత ఊరంతా వచ్చి కూర్చుంది. పైడమ్మ గంటె పట్టుకుని వడ్డన మొదలుపెట్టింది.

ముందు బుల్లెబ్బాయి పులుసు కలుపుకున్నాడు. "ఉప్పు తక్కువైందే!" అన్నాడు.

అయిపోయింది, ఇల్లు పోయింది అనుకుంది పైడమ్మ. కానీ బుల్లెబ్బాయి లేచి ఉప్పు తెచ్చి, కుండలో వేసి, తిప్పి, పంక్తంతా తనే మళ్ళీ వడ్డించాడు. పైడమ్మ ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి చూసింది. నిజమే, ఇప్పుడే బావుంది.

"సముద్రం పక్కన పెరిగినదాన్ని బాబాయ్. ఉప్పు ఎక్కువైతే నవ్వుతారని భయపడి తగ్గించాను" అంది. అందరూ నవ్వారు. పైడమ్మా నవ్వేసింది.

ఆ తర్వాత నూకాలమ్మ "అయ్యో అయ్యో, విస్తరి కారుతోంది!" అని లేచింది. పులుసంతా ఆవిడ చీర మీదే ఉంది. ఆవిడే ఆకులూ ఈనెపుల్లలూ తెచ్చుకుని కొత్త విస్తరి కుట్టుకుంది. పైడమ్మ పక్కన చతికిలబడి, "నాకూ నేర్పు పిన్నీ. మావైపు అరిటాకులే, కుట్టడం తెలీదు" అంది. నూకాలమ్మ నేర్పింది. పైడమ్మకి కాస్త ధైర్యం వచ్చింది. వంక పెట్టినంత మాత్రాన వీళ్ళు తరిమేసేవాళ్ళు కాదని తెలిసింది.

అప్పుడు పైడమ్మ గొడుగు పేరయ్య దగ్గరికి వచ్చింది. పేరయ్యకి తన తెల్లతోలంటే మహా గర్వం. ఎక్కడ కమిలిపోతుందోనని మబ్బు పట్టిన రోజు కూడా గొడుగు వేసుకునే రకం. పంక్తిలో కూడా గొడుగు కిందే కూర్చున్నాడు.

"వంట సంగతి సరే. వడ్డించే చెయ్యి చూశారా? మసిగుడ్డలా ఉంది" అన్నాడు. "ఇంకెవరైనా తెల్లగా ఉన్నవాళ్ళు వడ్డిస్తే తింటాను."

ఈ మాట చెబుతుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది, పైడమ్మకి ఎలా ఉండుంటుందో చూడు. గంటె గాల్లోనే ఆగిపోయింది. పంక్తి చివర వాళ్ళమ్మ తలొంచుకుంది.

పంక్తంతా గోల. "కంటికి కూడా ఇంపుగా ఉండాలిగా" అని కొందరు. "అన్నానికి లేని బాధ నీకేంటయ్యా" అని కొందరు. నూకాలమ్మ మెల్లగా పైడమ్మ చెవిలో, "పోనీలేవే, ఆయనొక్కడికీ నేను వడ్డిస్తాను. తినేస్తాడు, నీకు ఇల్లు దక్కుతుంది" అంది.

మంచి మనసుతోనే అంది నూకాలమ్మ. పైడమ్మ కాసేపు ఆలోచించింది. ఇల్లు గుర్తొచ్చింది. అరుగు మీద వాన జల్లు గుర్తొచ్చింది.

"వద్దు పిన్నీ" అంది. "ఇవాళ ఒక్క విస్తరి దగ్గర ఈ చెయ్యి దాచుకున్నానంటే, ఇక రోజూ దాచుకోవాలి."

అప్పుడు పేరయ్య ముందు పీట వేసుకుని కూర్చుంది. "పేరయ్యగారూ, ఉప్పు తక్కువన్నారు, నిజమే, ఒప్పుకున్నాను. విస్తరి కారిందన్నారు, కుట్టడం నేర్చుకున్నాను. మీరు నా చేతికి వంక పెట్టారు. కట్టుబాటు ఉండనే ఉంది కదా. ఇదుగో చెయ్యి, సరిచెయ్యండి."

చిలకమ్మ బోసినోటితో పకపకా నవ్వింది. "అవునొరేయ్ పేరయ్యా! లే, లే!"

పేరయ్యకి లేవక తప్పలేదు. ఇంటికి పరుగెత్తి నలుగుపిండి తెచ్చాడు. రుద్దాడు, రుద్దాడు, వేళ్ళు పీకేదాకా రుద్దాడు. పొయ్యి మసి పోయి పైడమ్మ చెయ్యి ఇంకా నిగనిగలాడింది. ఈలోపల నూకాలమ్మా బుల్లెబ్బాయీ పప్పు మారు వడ్డించేశారు. పేరయ్య విస్తరి మాత్రం ఖాళీ.

ఆ తర్వాత మీగడలో పసుపు కలిపి పట్టించాడు. ఎక్కడినుంచో ఊరపిల్లి వచ్చి మీగడంతా నాకేసింది. చక్కిలిగింతలకి పైడమ్మ కిలకిలా నవ్వింది, కడుపులో అంత దిగులున్నా ఆగలేకపోయింది. ఈలోపల పులుసు కుండ అడుగంటింది.

ఆ తర్వాత బియ్యప్పిండి చల్లాడు. గాలి వీచింది. పిండంతా పేరయ్య మీసాల మీదా కనుబొమల మీదా పడింది. తుమ్మాడు చూడూ, హాఛ్ అని, పిల్లి పారిపోయింది!

అప్పుడే బూరెల బుట్ట వచ్చింది. నేతి వాసనకి పేరయ్య కడుపు గుర్రుమంది. పంక్తంతా వినబడింది. అందరూ నవ్వారు కానీ, ఈసారి పైడమ్మ నవ్వలేదు. తుఫాను తర్వాత తిండిలేని రోజులు ఆ పిల్లకి తెలుసు.

"ఆకలేస్తోందా?" అనడిగింది.

"వేస్తోందమ్మా" అన్నాడు. అమ్మా అనడం అదే మొదలు.

"సరిచేయడానికి వీలైంది ఏమైనా కనబడిందా?"

పేరయ్య ఆ చేతివంక చూశాడు. తన పిండి చేతులవంక చూసుకున్నాడు. నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"కనబడింది. నేనన్న మాట" అన్నాడు. "నీ చేతికి ఏ వంకా లేదు పైడమ్మా. వంకంతా నా నోటిదే. అందరి ముందూ అన్నాను, అందరి ముందే వెనక్కి తీసుకుంటున్నాను." ఆ తర్వాత పంక్తి చివరికి వెళ్ళి, "మీ అమ్మాయిని నొప్పించాను, తప్పైపోయింది" అని వాళ్ళమ్మకీ చెప్పాడు.

"ముందు తిను నాయనా, చల్లారిపోతుంది" అంది ఆ తల్లి.

పైడమ్మ అదే చేత్తో అన్నం పెట్టింది, కుండ గీకి పప్పు వేసింది. బూరెకి వేలితో గుంట చేసి నెయ్యి పోసింది. పేరయ్య కొరికాడు. టక్కున ఆగిపోయాడు.

"ఏమనుకోకండి గానీ... ఏలకులు కాస్త తక్కువయ్యాయి" అన్నాడు.

ఎవరూ నోరు తెరవకముందే తనే లేచి, ఏలకుల కోసం ఇంటికి పరుగెత్తాడు. గొడుగు కూడా మర్చిపోయాడు, ఎండలోనే వెళ్ళిపోయాడు! పైడమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుంది. "నిజమే చెప్పాడు!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. పంక్తంతా ఒకటే నవ్వు.

ఆ రోజు ఆకలితో లేచినవాళ్ళు ఒక్కరూ లేరు. చిలకమ్మ పైడమ్మ నల్లటి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, అందులో ఇంటి తాళంచెవి పెట్టి మూసింది. ఆ రాత్రి వాన కురిసింది. తల్లీ కూతురూ పెంకుల కింద పడుకుని ఆ చప్పుడు వింటూ నిద్రపోయారు.

నువ్వూ కళ్ళు మూసుకో బంగారం.

ఉప్పు చేరె పులుసుకి,
ఏలకి చేరె బూరెకి,
పైడమ్మ చేరె ఇంటికి,
కథ చేరె కంచికి,
నిద్దరొచ్చె నీ కంటికి.